హొరైజన్ 2020లో సెర్బియా వాటా: లెక్క ఎక్కడ తేడా పడుతోంది?

సెర్బియా యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశం కాదు. అయినా 2007 నుంచి అనుబంధ దేశంగా అక్కడి పరిశోధన నిధులకు పోటీ పడుతోంది. ఈయూ పరిశోధన నిధుల పథకం హొరైజన్ 2020 (2014–2020) కింద ఆ దేశ సంస్థలకు మొత్తం ఎంత దక్కిందో కార్డిస్ (ఈయూ నిధులిచ్చిన పరిశోధన ప్రాజెక్టుల డేటాబేస్) డేటాతో లెక్కిస్తున్నాను. నా మొత్తం యూరోపియన్ కమిషన్ హొరైజన్ డాష్‌బోర్డు అంకెతో కలవడం లేదు.

సంస్థల సీఎస్‌వీ ఫైల్‌లో దేశం కోడ్ 'ఆర్ఎస్' ఉన్న వరుసలే తీసుకున్నాను. దశాంశం దగ్గర ఉన్న కామాలను చుక్కలుగా మార్చాను, డూప్లికేట్లు తీసేశాను. 'ఈసీ కాంట్రిబ్యూషన్' (యూరోపియన్ కమిషన్ ఇచ్చే డబ్బు), 'నెట్ ఈసీ కాంట్రిబ్యూషన్' (అందులో నికరంగా ఆ సంస్థకే దక్కేది) కాలమ్‌లు రెండూ విడివిడిగా కూడి చూశాను. రెండింటితోనూ తేడా వస్తోంది. సెర్బియా నగరం నోవీ సాద్‌లోని బయోసెన్స్ పరిశోధన సంస్థకు అంటారెస్ ప్రాజెక్టు కింద వచ్చిన పెద్ద మొత్తం లెక్కలోకి వచ్చింది, అది సరిచూసుకున్నాను. చిన్న దేశం కదా, అలాంటి ఒక్క వరుస జారినా బొమ్మ మొత్తం మారిపోతుంది.

ఇక అనుమానమల్లా 'ఎండ్ ఆఫ్ పార్టిసిపేషన్' కాలమ్ మీదే. ప్రాజెక్టు మధ్యలో తప్పుకున్న సంస్థలకు అక్కడ 'ట్రూ' అని ఉంది, కొన్నింటి ఎదురుగా డబ్బు కూడా ఉంది.

ఈ డేటాతో పనిచేసినవాళ్లు చెప్పండి: దేశం మొత్తం లెక్కించేటప్పుడు ఆ 'ట్రూ' వరుసలను ఉంచాలా, తీసేయాలా?