రిక్ రైట్ మీకు మొదట ఎక్కడ వినిపించాడు? పింక్ ఫ్లాయిడ్ శ్రోతల చర్చ

హార్మోనియం మెట్లు:

సెప్టెంబరు 15 దగ్గర పడుతోందంటే నాలుగు రోజుల ముందు నుంచే నాకు మనసు బరువెక్కుతుంది. 2008లో ఆ రోజునే రిచర్డ్ (రిక్) రైట్ క్యాన్సర్‌తో కన్నుమూశాడు. అప్పటికి అతనికి 65 ఏళ్లు. బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా గిల్మర్ గిటారు, వాటర్స్ రాసిన మాటలు, మనసు చెదిరి మొదట్లోనే బృందానికి దూరమైన సిడ్ బారెట్ విషాదం దగ్గరే ఆగిపోతాం. వాళ్ల వెనక కూర్చుని కీబోర్డు వాయించిన మనిషి గురించి ఒక్కసారైనా తీరిగ్గా చెప్పుకోవాలని నాకు ఎన్నాళ్లుగానో ఉంది.

మా తాతగారు రాజమండ్రిలో భజనలకు హార్మోనియం వాయించేవారు. పాడేవాళ్లు ముందు కూర్చునేవారు, ఆయన గోడకు ఆనుకుని ఓ పక్కన. ఎవరూ ఆయన వైపు చూసేవారు కాదు. కానీ ఆయన చేయి ఒక్క క్షణం ఆగితే పాట మొత్తం చతికిలబడేది. 1993లో కాలేజీ హాస్టల్లో పింక్ ఫ్లాయిడ్ పాట ‘అస్ అండ్ దెమ్’ మొదటిసారి విన్నప్పుడు ఆ మొదటి ఆర్గాన్ నాదానికే నాకు తాతగారు గుర్తొచ్చారు. ఎక్కడి లండన్, ఎక్కడి మా వీధి రామాలయం! అయినా అదే చేయి అనిపించింది. పాటకు నేల పరిచి తాను పక్కకు తప్పుకునే చేయి.

ఆ బాణీని రైట్ మొదట ఇటలీ దర్శకుడు ఆంటోనియోనీ తీసిన ‘జబ్రిస్కీ పాయింట్’ కోసం కట్టాడు. దర్శకుడు వద్దన్నాడు. మూడేళ్ల పాటు అది అలాగే ఉండిపోయి 1973లో ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బములో తేలింది. వద్దన్న బాణీని పారేయకుండా దాచుకున్న ఆ ఓర్పు నాకు చాలా ఇష్టం.

మీకు అతను మొదట ఎక్కడ వినిపించాడో చెప్పండి.

పాత క్యాసెట్టు:

హార్మోనియం గారూ, నా కథ కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

విశాఖలో నా స్నేహితుడి మేనమామ ఓడలో ఇంజినీరుగా పనిచేసేవారు. ఆయన తెచ్చిన ఎల్‌పీ రికార్డులు రెండు వాళ్లింట్లో బీరువాలో ఉండేవి. తాకనిచ్చేవారు కాదు. ఆయన మళ్లీ ఓడ ఎక్కాక మావాడు వాటిని తీసి ఒక 90 నిమిషాల క్యాసెట్టులోకి ఎక్కించి నాకిచ్చాడు. ఆ రెండు ఆల్బములూ 90 క్యాసెట్టుకు కొలిచి తీసినట్టు సరిపోతాయని ఆ కాలపు వాళ్లందరికీ తెలుసు. ‘డార్క్ సైడ్’ 43 నిమిషాలు, ‘విష్ యు వర్ హియర్’ 44. చెరో వైపు. నా దగ్గర ఇంకో పాశ్చాత్య క్యాసెట్టు లేదు. డిగ్రీ మూడేళ్లూ అదే విన్నాను.

రెండో వైపు, ‘వెల్కమ్ టు ద మెషీన్’ అయిపోయాక, ఒకటిన్నర నిమిషం నిశ్శబ్దం ఉండేది. ఆ పాట చివర జనం నవ్వులు, సందడి వినిపిస్తాయి కదా, ఆ సందడి తర్వాత అంతసేపు ఏమీ లేకపోవడం నాకు ఎంత గొప్పగా తోచేదో చెప్పలేను. వీళ్లు మౌనాన్ని కూడా రాగంలా వాడుకుంటారని నలుగురికీ చెప్పేవాడిని. రాత్రిపూట దీపం తీసేసి ఆ నిశ్శబ్దం కోసమే ఎదురుచూసేవాడిని.

పదేళ్ల తర్వాత హైదరాబాదులో సీడీ కొన్నాను. ఆ నిశ్శబ్దం లేదు. రికార్డును రెండో వైపుకు తిప్పేటప్పుడు మావాడు టేపు ఆపలేదు, అంతే. అది తెలిసి బాధపడుతూ కూర్చున్నాను. ఆల్బము చివరికి వచ్చింది. ‘షైన్ ఆన్’ అనే పొడవాటి పాటలో తొమ్మిదో భాగం, రైట్ ఒక్కడే కట్టినది. నా క్యాసెట్టులో అది మధ్యలోనే తెగిపోయేది, టేపు అయిపోయి మీట టక్కున పైకి లేచేది. సీడీలో అది తెగలేదు. నెమ్మదిగా దూరమవుతూ, ఆగిపోయే ముందు, సింథసైజరు మీద చిన్న పిల్లల పాట లాంటి ఒక పలుకు. ‘సీ ఎమిలీ ప్లే’ బాణీ! 1967లో సిడ్ బారెట్ రాసిన పాట. సిడ్ గురించి కట్టిన ఆల్బము చివర, ఎవరూ అడగకుండానే, సిడ్ పాటనే వేళ్ల చివర తాకించి వెళ్లిపోయాడు రైట్.

నాకు రైట్ వినిపించింది అక్కడే. మొదటిసారి విన్న పదేళ్లకు.

మధ్యమావతి:

పాత క్యాసెట్టు గారూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

నేను విజయవాడలో పన్నెండేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. మా ఇంట్లో రాక్ సంగీతాన్ని గోల అనేవారు, నేనూ అలాగే అనుకున్నాను. ఇంజినీరింగులో ఒక స్నేహితురాలు చెవిలో పెట్టి వినిపించిన మొదటి పాట ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’. పాడే గొంతులో ఒక్క మాట లేదు. నాలుగున్నర నిమిషాలకు పైగా ఒక స్త్రీ గొంతు, కింద రైట్ పియానో.

ఆలాపన అనుకున్నాను. కాదని రెండోసారికి అర్థమైంది. మన ఆలాపనలో శ్రుతి కదలదు, గొంతు దాని చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ రైట్ పియానో అడుగడుగునా నేలనే మార్చేస్తూ ఉంటుంది, గొంతు ప్రతిసారీ కొత్తగా నిలదొక్కుకోవాలి. నేలే కదిలిపోతుంటే మనిషి ఎలా ఏడుస్తాడో అలా ఉంటుంది. మా అమ్మమ్మ పోయిన ఏడాది నేను వేరే ఏదీ వినలేకపోయాను.

పాడింది క్లేర్ టోరీ. 1973 జనవరిలో ఒక ఆదివారం అబ్బే రోడ్ స్టూడియోకు పిలిచారు. ఏమి పాడాలో వాళ్లకే స్పష్టంగా తెలియదు. మొదట ఆమె ఏవో మాటలు అంటే, మాటలు వద్దన్నారు. అప్పుడు తనను తాను ఒక వాద్యం అనుకుని పాడింది. ఎక్కువ చేశానేమో అని మొహమాటపడుతూ వెళ్లిపోయింది. ఇచ్చింది 30 పౌండ్లు. ఆల్బములో తన గొంతు ఉందని రికార్డుల దుకాణంలో అట్ట మీద తన పేరు చూశాకే ఆమెకు తెలిసిందట. 2005లో గానీ ఆ పాట కూర్పులో రైట్ పేరు పక్కన ఆమె పేరు చేరలేదు. అది కూడా కోర్టుకు వెళ్లాకే. నేను ఎంత అభిమానినైనా, ఈ విషయంలో వాళ్లు చేసింది సరి కాదు. ముప్పై ఏళ్లు ఆలస్యం.

గోడ అవతల:

అందరూ రైట్ గురించి ఎంతో ప్రేమగా రాస్తున్నారు. నేను వాటర్స్ మనిషిని, ఆ మాట ఇక్కడ చెప్పడానికి సంకోచించను.

రోజర్ వాటర్స్ తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 ఫిబ్రవరిలో, ఇటలీలోని ఆంజియో దగ్గర చనిపోయాడు. పిల్లవాడికి అప్పటికి ఐదు నెలలు. మా నాన్నగారు సైన్యంలో ఉండేవారు. నేను ఏడాది వాడిగా ఉన్నప్పుడు పోయారు. నాకు తెలిసిన నాన్న గోడ మీద ఫొటో మాత్రమే. వాళ్ల ‘ద వాల్’ ఆల్బము విన్నప్పుడు, ఎప్పుడూ చూడని మనిషి కోసం ఏడవడం తప్పు కాదని నాకు జీవితంలో మొదటిసారి ఒకరు చెప్పినట్టయింది. ఆ పని గిటారు చేయలేదు, పియానో చేయలేదు. వాటర్స్ మాటలు చేశాయి.

2002 ఏప్రిల్లో అతను బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడినప్పుడు కర్నూలు నుంచి రాత్రి బస్సులో వెళ్లాను. ‘విష్ యు వర్ హియర్’ మొదలవగానే చుట్టూ ఉన్న వేలమంది పాడటం మొదలుపెట్టారు. నాకు గొంతు రాలేదు. జేబులో నాన్న ఫొటో ఉంది. ఆ సంగతి ఇప్పటి వరకు ఎవరికీ చెప్పలేదు.

హార్మోనియం మెట్లు:

గోడ అవతల గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. మీ నాన్నగారికి నా నమస్కారం.

మీతో వాదించడానికి కాదు గానీ, నా మనసులో ముల్లు ఒకటి చెప్పుకోవాలి. 1979లో ‘ద వాల్’ తయారవుతుండగానే రైట్‌ను బృందం నుంచి తప్పుకోమన్నది వాటర్సే. రైట్ ఒప్పుకున్నాడు. కానీ కచేరీలు పెట్టినప్పుడు, 1980, 81లలో, జీతం తీసుకునే వాద్యకారుడిగా వచ్చి అవే పాటలు వాయించాడు. వేదిక మీద గోడ కట్టి కూల్చే ఆ ప్రదర్శనల ఖర్చు మోయలేక మిగతా ముగ్గురూ నష్టపోతే, జీతగాడైన రైట్‌కే డబ్బు మిగిలింది. చాలామంది దీన్ని సరదాగా చెప్తారు. నాకు నవ్వు రాదు. తాను పుట్టించిన బృందంలో జీతానికి కూర్చున్న మనిషి ఆ రాత్రుల్లో ఏమనుకున్నాడో అని ఆలోచిస్తాను.

గోడ అవతల:

అది తప్పే. వాటర్స్‌ను ప్రేమిస్తున్నంత మాత్రాన దాన్ని ఒప్పు అనను.

ఎడిసన్ నుంచి:

2005 జూలై 2. పేదరికానికి వ్యతిరేకంగా జరిగిన లైవ్ 8 కచేరీ కోసం లండన్ హైడ్ పార్కులో వాటర్స్, గిల్మర్, రైట్, డ్రమ్స్ వాయించే నిక్ మేసన్ నలుగురూ మళ్లీ కలిశారు. 24 ఏళ్ల తర్వాత. ఇక్కడ న్యూజెర్సీలో ఎనిమిదిమంది స్నేహితులం మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం, అందులో ఐదుగురు తెలుగువాళ్లం. ‘కంఫర్టబ్లీ నంబ్’లో గిల్మర్ చివరి సోలో ఎత్తుకున్నాడు. దాని కోసమే జీవితమంతా కాచుకున్నాం. సరిగ్గా అప్పుడు ఇక్కడి చానలు ఆ దృశ్యం తీసేసి తన వ్యాఖ్యాతలను చూపించింది! నా స్నేహితుడు లేచి టీవీ మీద చేతులు పెట్టి నిలబడ్డాడు, అలా చేస్తే పాట తిరిగి వస్తుందన్నట్టు. తర్వాత ఇంటర్నెట్టులో పూర్తిగా చూశాం, ఒకసారి కాదు, రాత్రంతా.

ఇప్పుడు నాకు ఆ సోలో కంటే ఎక్కువ గుర్తున్నది చివర నలుగురూ భుజాల మీద చేతులు వేసుకుని నిలబడ్డ దృశ్యం. గిల్మర్ వెళ్లబోతుంటే వాటర్స్ చేయి ఊపి పిలిచాడు. అన్నదమ్ములు ఆస్తులు పంచుకుని విడిపోయి ఏళ్ల తరబడి మాట్లాడుకోకుండా, ఒక పెళ్లిలో ఎదురుపడి పక్కపక్కన నిలబడి ఫొటో దిగినట్టు. మా ఇంట్లో అటువంటి ఫొటో ఒకటి ఉంది. అందుకే చూడలేకపోయాను.

ఏడాది తిరిగిన ఐదు రోజులకే, 2006 జూలై 7న సిడ్ కేంబ్రిడ్జిలో పోయాడు. ఇంకో రెండేళ్లకు రైట్. నలుగురూ కలిసి వాయించడం అదే చివరిసారి అయింది.

మేడ మీద గది:

నాకు 21 ఏళ్లు, వరంగల్. వీళ్లెవరూ కలిసి ఉన్న కాలంలో నేను పుట్టనే లేదు. ‘విష్ యు వర్ హియర్’, ‘టైమ్’ ఫోనులో వింటుంటాను. మీ అందరి మాటలూ చదివాక రైట్‌ను ప్రత్యేకంగా వినాలనిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాత క్యాసెట్టు:

‘ఎకోస్’, తమ్ముడూ. 1971లో వచ్చిన ‘మెడిల్’ ఆల్బములో చివరిది. 23 నిమిషాలు దాటి ఉంటుంది, మధ్యలో ఆపవద్దు. చీకట్లో నీటిబొట్టు పడ్డట్టు మొదట వినిపించేది రైట్ పియానోలో ఒకే ఒక్క స్వరం. ఆ శబ్దాన్ని లోపల కొమ్ము గిర్రున తిరిగే లెస్లీ స్పీకరు గుండా పంపించారు, అందుకే అలా వణుకుతుంది. పాడేదీ గిల్మర్, రైట్ కలిసే. ఇద్దరి గొంతులూ ఎక్కడ అతికాయో కనిపెట్టలేవు.

2006లో పోలండులోని గ్డాన్‌స్క్‌లో గిల్మర్ కచేరీలో ఇద్దరూ దాన్ని వాయించారు. ఆ వీడియో కూడా చూడు. ఇద్దరి తలలూ నెరిశాయి. ఒకరు అడిగినదానికి ఇంకొకరు వాద్యంతో బదులు చెప్పడం చూస్తే, నలభై ఏళ్ల స్నేహం ఎలా ఉంటుందో కనిపిస్తుంది. రైట్ పోయాక గిల్మర్ ‘ఎకోస్’ వాయించడం మానేశాడు. 2016లో పాంపేయిలోని పాత రంగస్థలానికి తిరిగి వెళ్లినప్పుడు కూడా వాయించలేదు. 1971లో వాళ్లు నలుగురూ ప్రేక్షకులు లేకుండా అదే పాట చిత్రీకరించిన చోటది. అంత పెద్ద గిటారిస్టు, ఎవరినైనా కూర్చోబెట్టి వాయించవచ్చు. కూర్చోబెట్టలేదు.

మధ్యమావతి:

వీలైతే ‘సమ్మర్ సిక్స్‌టీ ఎయిట్’ కూడా వినండి. రైట్ రాసి, రైటే పాడింది. 1970.

మేడ మీద గది:

‘ఎకోస్’ విన్నాను. రాత్రి కరెంటు పోయింది, మేడ మీద పడుకుని విన్నాను. మధ్యలో గాలీ, పక్షుల అరుపులూ వచ్చినప్పుడు భయం వేసింది. ఇక పాట ఉండదేమో అనుకున్నాను. అప్పుడు మళ్లీ ఆ ఒక్క స్వరం వచ్చింది. లేచి కూర్చున్నాను.

పాత క్యాసెట్టు:

తమ్ముడి మాట చదివాక నేను ఒక పని చేశాను. ఆ క్యాసెట్టు ఎక్కించి ఇచ్చిన స్నేహితుడు ఇప్పుడు అనకాపల్లిలో ఉంటాడు. ఐదేళ్లుగా సరిగ్గా మాటలు లేవు, కారణం కూడా ఇప్పుడు గుర్తు లేదు. నిన్న 15వ తేదీ కదా అని ఫోను చేశాను. రికార్డు తిప్పేటప్పుడు టేపు ఆపలేదని చెప్తే నమ్మలేదు. ఆ నిశ్శబ్దం అతనికీ అంతే ఇష్టమట. తన సొంత క్యాసెట్టూ అలాగే ఉందట.

అతను సీడీ ఎప్పుడూ కొనలేదు. చివరి ముక్క వినలేదు. స్పీకరు దగ్గర ఫోను పెట్టి ఆ ఎమిలీ పలుకు వినిపించాను. కాసేపు అవతలి నుంచి ఏమీ వినిపించలేదు. తర్వాత, “మొదటి నుంచి పెట్టరా” అన్నాడు.

పెట్టాను. 44 నిమిషాలు ఇద్దరం ఫోను పెట్టేయలేదు.