కారు షెడ్డు గచ్చుకి ఎపాక్సీ వేయించాలా, వద్దా?

బలగ కొత్తిల్లు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. బలగలో ఇల్లు కట్టుకున్నాం, గృహప్రవేశం అయి నాలుగు నెలలైంది. కారు షెడ్డు ఒక్కటి మిగిలిపోయింది. 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. పైన స్లాబు ఉంది, రెండు వైపులా గోడ, మిగతా రెండు వైపులా ఖాళీ. కింద మామూలు సిమెంటు గచ్చు. చేతిలో డబ్బులైపోయి అలా వదిలేశాం. ఇప్పుడేమో ఎంత తుడిచినా తెల్లటి పొడి రాలుతూనే ఉంది, కాళ్ళకి అంటుకుని హాల్లోకి వస్తోంది. స్కూటర్ పెట్టే చోట ఆయిల్ మరక అరచేయంత అయింది. సర్ఫు వేసి రుద్దాం, కిరసనాయిలు పోసి చూశాం, పోలేదు.

ముగ్గురు మూడు మాటలు చెబుతున్నారు. రంగుల షాపాయన ఎపాక్సీ, అంటే రెజిన్, హార్డెనర్ అని రెండు ద్రవాలు కలిపి నేల మీద వేసే గట్టి పూత, వేయించమంటాడు. టైల్స్ మేస్త్రి పార్కింగ్ టైల్స్ అంటాడు. విశాఖలో ఉండే మా బావగారు పాలీ ఆస్పార్టిక్ అనే ఇంకో రకం పూత అయితే ఒక్కరోజులో పనైపోతుంది, ఎండకి రంగు మారదు అంటున్నారు. ఇంటి అప్పు నెత్తి మీద ఉంది. ఒక్కసారికైతే ఖర్చు పెట్టగలను, ఊడిపోతే మళ్ళీ చేయించలేను. చేయించుకున్నవాళ్ళు, చేసేవాళ్ళు దయచేసి చెప్పండి.

పైడిభీమవరం ఫ్లోరింగ్:

నేను 11 ఏళ్ళుగా మందుల ఫ్యాక్టరీల్లో ఫ్లోరింగ్ పని చేస్తున్నాను. నా ఓటు ఎపాక్సీకే. ఆయిల్ పీల్చదు, పొడి రాలదు, తడిగుడ్డతో తుడిస్తే అద్దంలా ఉంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీ నీళ్ళు నాలుగు చుక్కలు పడినా సిమెంటును తిన్నట్టు దాన్ని తినవు.

కాకపోతే రంగుల షాపాయన డబ్బా తీసుకొచ్చి రోలరుతో పూసేస్తే అది ఎపాక్సీ పని కాదు. ముందు గ్రైండింగ్ మెషీన్‌తో గచ్చు పైపొర తీసేయాలి. చేయి పెట్టి రాస్తే గరుకు కాగితంలా తగలాలి. దుమ్మంతా వాక్యూమ్‌తో లాగాలి, చీపురు పనికిరాదు. తర్వాత ప్రైమరు, దాని మీద రెండు కోట్లు. రెజిన్‌లో హార్డెనర్ కలిపాక మన ఎండల్లో అరగంట కూడా ఆగదు. బకెట్లో ఉంచేస్తే ముద్ద వేడెక్కి పొగలొస్తుంది, కలిపిన వెంటనే నేల మీద పోసి పరిచేయాలి. అది కూడా మధ్యాహ్నం దాటి నేల చల్లబడుతున్నప్పుడే. పొద్దున్న మొదలుపెడితే ఎండెక్కేకొద్దీ గచ్చులోని గాలి ఉబ్బి పైకి తన్నుతుంది, కోటింగు నిండా సూది బెజ్జాలు పడతాయి. మర్నాటికి నడవొచ్చు, కారు మాత్రం 7 రోజుల దాకా ఎక్కించకూడదు. ఈ ఏడు రోజుల దగ్గరే మనవాళ్ళకి తొందర.

తోటపాలెం మాస్టారు (విజయనగరం):

బాబూ, నేను చేయించుకున్నవాణ్ణి. రెండేళ్ళ క్రితం ఒక కాంట్రాక్టరుతో బూడిదరంగు ఎపాక్సీ వేయించాను. మొదటి ఆరు నెలలూ వచ్చినవాళ్ళంతా చెప్పులు బయట విడిచి లోపలికొచ్చేవారు, అంత బాగుండేది. వానాకాలం వెళ్ళాక మధ్యలో పొక్కులు లేచాయి. ఆ తర్వాత ముందు టైర్లు ఆగే చోట సరిగ్గా టైరు వెడల్పున రెండు పట్టీలు ఊడి వచ్చేశాయి. విశాఖ వెళ్ళొచ్చిన రోజు కారు పెట్టి, పొద్దున్న తీస్తే టైరుకి అంటుకుని పెచ్చు లేచింది. నా కళ్ళతో చూశాను. ఇప్పుడు ఆ నేల మొత్తం బొల్లి మచ్చల్లా ఉంది. పింఛను డబ్బుతో చేయించాను, ఆ బాధ మామూలుది కాదు. ఫోన్ చేస్తే మీ కారు టైర్లలో లోపం అన్నాడు ఆ కాంట్రాక్టరు. నా మాట వింటే టైల్స్ వేయించుకోండి.

పైడిభీమవరం ఫ్లోరింగ్:

మాస్టారూ, టైర్లలో లోపం అన్నది తప్పు మాట. హైవే మీద నడిచొచ్చిన టైరు వేడిగా ఉంటుంది. రబ్బరులో ఉండే మెత్తబరిచే నూనెలు కోటింగులోకి దిగి దాన్ని మెత్తబరుస్తాయి. టైరు చల్లారుతూ ముడుచుకునేటప్పుడు పైపొరను లాగుతుంది. కోటింగు గట్టిగా పట్టి ఉంటే ఊడదు, పట్టు లేకపోతే ఊడుతుంది.

మీ దగ్గర ఊడిన పెచ్చులు ఇంకా ఉంటే ఒక్కసారి వెనక్కి తిప్పి చూసి చెప్పగలరా? వెనకవైపు సిమెంటు పొడి అంటుకుని ఉందా, నున్నగా ఉందా?

తోటపాలెం మాస్టారు (విజయనగరం):

ఒక కవర్లో దాచి ఉంచాను. టైర్ల దగ్గర ఊడిన పెచ్చు చిరు వేలి గోరంత మందం కూడా లేదు. వెనక బూడిద రాసినట్టు సిమెంటు పొడి పట్టి ఉంది, గోటితో గీస్తే రాలుతోంది. మధ్యలో పొక్కులు లేచిన చోటి ముక్క వేరేగా ఉంది. దాని వెనక నున్నగా మెరుస్తోంది, పొడి లేదు. ఇంకా పగలని పొక్కు ఒకటి ఉంటే ఇవాళ చాకుమొనతో పొడిచాను. లోపల నుంచి రెండు చుక్కల నీరు వచ్చింది, వేలికి జిగురుగా తగిలింది.

పైడిభీమవరం ఫ్లోరింగ్:

అయితే మీకు రెండు జబ్బులున్నాయి మాస్టారూ. పెచ్చు వెనక పొడి ఉందంటే కోటింగు సిమెంటును బాగానే పట్టుకుంది, ఆ సిమెంటు పైపొరే బలహీనం. గ్రైండింగ్ చేయకుండా పైన పూసేశారన్నమాట. అది మా పనివాళ్ళ తప్పే, ఒప్పుకుంటాను. నున్నగా ఉండి కింద నీరుందంటే అది నేలలోంచి వచ్చిన చెమ్మ.

టెక్కలి రాయి:

ఇంత రభస ఎందుకండీ. టెక్కలి వైపు నీలి గ్రానైటు ఉండగా ప్లాస్టిక్ పూతలేమిటి? మంటతో కాల్చి గరుకు చేసిన రాయి వేయించండి. మనవలు కూడా వాడుకుంటారు.

బలగ కొత్తిల్లు (శ్రీకాకుళం):

రాయి అంటే నాకూ ఇష్టమే కానీ షెడ్డు నేల ఇప్పటికే గేటుతో సమంగా ఉంది. రాయి, దాని కింద సిమెంటు కలిపి రెండంగుళాలు లేస్తే గేటు తెరుచుకోదు. టైల్స్‌కీ అదే ఇబ్బంది. ఇంకో విషయం రాయడం మరిచాను. నాగావళి నది వైపు గోడకి అడుగున జానెడు ఎత్తున తెల్లగా ఉప్పు తేరింది. మేస్త్రిని అడిగితే కొత్త ఇంటికి మామూలే అన్నాడు. దానికీ గచ్చుకీ సంబంధం ఉంటుందా?

రాజాం కుర్రాడు:

బ్రో, మీ బావగారు చెప్పిందే కరెక్ట్. మా ఇంట్లో నిరుడు పాలీ ఆస్పార్టిక్ వేయించాం. శనివారం పొద్దున్న మొదలుపెట్టారు, ఆదివారం సాయంత్రం కారు పెట్టేశాం. షెడ్డులో సగం భాగం మీద రోజంతా ఎండ పడుతుంది, రంగు ఇసుమంత కూడా మారలేదు. ఎపాక్సీ అయితే ఎండ పడ్డ చోట పసుపెక్కిపోతుంది. రేటు ఎక్కువే, కానీ టెన్షన్ లేదు.

చీపురుపల్లి సైట్ ఇంజినీర్:

బలగ గారూ, మీరు చివర్లో రాసిన ఉప్పు మాటే ముందు రాయాల్సింది. ఇన్ని పోస్టుల్లో నాకు అసలు ప్రశ్న అక్కడే కనిపించింది.

ఆ ఉప్పు గోడలోదే. కింద నుంచి తడి ఎక్కుతూ ఉప్పును మోసుకొస్తుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. మన ఇళ్ళలో షెడ్డు నేల ఎలా వేస్తారో గుర్తు తెచ్చుకోండి. మట్టి నింపి, నీళ్ళు కొట్టి దిమ్మిసా వేసి, దాని మీద నేరుగా కాంక్రీటు పోస్తారు. ఫ్యాక్టరీలో అలా కాదు. కాంక్రీటు కింద మందపాటి పాలిథీన్ షీటు పరుస్తారు. అందుకే పైడిభీమవరంలో ఎపాక్సీ నిలబడుతుంది, మాస్టారి ఇంట్లో నిలబడలేదు. ఫ్లోరింగ్ అన్న పనిలో లోపం లేదు, ఆయన పని చేసే నేల వేరు.

గచ్చు ఊపిరి పీలుస్తుంది. కింది చెమ్మ ఆవిరై మన కంటికి కనపడకుండా పైకి పోతూ ఉంటుంది. మీరు పైన గాలాడని పొర వేశారనుకోండి, ఆ ఆవిరి దాని కిందే ఆగిపోతుంది. పొక్కులు అలాగే లేస్తాయి. రాజాం తమ్ముడికి ఒక మాట. పాలీ ఆస్పార్టిక్ ఎండకి మారదన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ అదీ గాలాడని పొరే. మీ నేల పొడిగా ఉంది కాబట్టి నిలిచింది. గాలిలో తేమ ఎక్కువైతే అది ఇంకా తొందరగా గట్టిపడుతుంది. వానాకాలంలో పనివాడికి రోలరు తిప్పే టైమే దొరకదు.

కాబట్టి ఏది కొనాలన్న మాట పక్కన పెట్టి ముందు పరీక్ష చేయండి. పదిరూపాయల పని. మూరెడు చదరం, అంటే ఒక్కో వైపు సుమారు 45 సెంటీమీటర్లు, పాలిథీన్ కాగితం కోయండి. గచ్చు మీద పరిచి నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేయండి. కనీసం 16 గంటలు కదపకండి. ఎండ పడని చోట వేయాలి. తీసి చూసినప్పుడు కాగితం అడుగున నీటి చుక్కలున్నా, కింద గచ్చు నల్లబడినా చెమ్మ ఉన్నట్టే. ఒక్కచోట కాదు, మూడు నాలుగు చోట్ల వేయండి. ఇప్పుడు వానలు పడుతున్నాయి కాబట్టి ఇదే మంచి సమయం, మే నెలలో చేస్తే ఏ నేలైనా పొడిగానే కనిపిస్తుంది.

చెమ్మ ఉందని తేలితే సిలికేట్ డెన్సిఫయర్ అని ద్రావణం దొరుకుతుంది, లిథియం సిలికేట్ రకం అడగండి. అది పైన పొర కట్టదు. గచ్చులోకి ఇంకి, సిమెంటులో మిగిలిపోయిన సున్నంతో కలిసి గట్టిపడుతుంది. పొడి రాలడం తగ్గుతుంది, ఊడేదేమీ ఉండదు, చెమ్మకి దారి మూసుకోదు. మెరుపు రాదు. ఆయిల్ మరకని పూర్తిగా ఆపదు, అది నిజాయితీగా చెప్పాలి.

గుజరాతీపేట కోడలు (శ్రీకాకుళం):

మీరంతా కారు గురించే మాట్లాడుతున్నారు. మా ఇంట్లో కారు షెడ్డులో ఉండేది రాత్రి పూట. పగలంతా అదే మా వీధి అరుగు. వడియాలు అక్కడే ఆరబెడతాం, పిల్లలు అక్కడే ఆడతారు, పుట్టినరోజులకి కుర్చీలు అక్కడే వేస్తాం. మీరు చూసే వీడియోల్లో షట్టరు మూసిన గది ఉంటుంది, మనది మూడొంతులు తెరిచిన పందిరి. వాన జల్లు లోపలికి కొడుతుంది.

మా పక్కింట్లో అద్దంలాంటి ఎపాక్సీ వేయించారు. మొన్న శ్రావణంలో ఆ ఇంటి పెద్దావిడ తడి కాళ్ళతో వచ్చి జారి పడ్డారు, మణికట్టు విరిగింది. అప్పటి నుంచి ఆ నేల మీద పాత గోనెసంచులు పరిచి నడుస్తున్నారు. అంత ఖర్చు పెట్టింది సంచుల కింద దాచుకోడానికా? ఎవరు ఏది వేయించినా ముందు జారదని తేల్చుకోండి.

పైడిభీమవరం ఫ్లోరింగ్:

అమ్మా, మీరన్నది న్యాయం. కోటింగు తడిగా ఉండగానే సన్నని సిలికా ఇసుక చల్లి, ఆరాక మిగిలింది ఊడ్చి, పైన ఇంకో కోటు వేస్తే కాలికి పట్టు ఉంటుంది. చెమట పట్టినట్టు మెరవదని చాలామంది వద్దంటారు. ఇకనుంచి నేను అడక్కుండానే వేస్తాను.

ఇంజినీరు గారితో మాత్రం ఒకచోట విభేదిస్తాను. చెమ్మ ఉంటే ఎపాక్సీ వద్దే వద్దు అనక్కర్లేదు. చెమ్మను ఆపే ఎపాక్సీ ప్రైమర్లు వేరే ఉన్నాయి, ఫ్యాక్టరీల్లో పాత నేలలకి వాడుతున్నాం.

చీపురుపల్లి సైట్ ఇంజినీర్:

ఉన్నాయి, పనిచేస్తాయి. వాటికి గ్రైండింగ్ ఇంకా లోతుగా కావాలి, ఖర్చు పెరుగుతుంది. అప్పు చేసి ఇల్లు కట్టుకున్న మనిషికి మొదటి మాటగా దాన్ని చెప్పలేను. పైగా నేలలో ఆపిన చెమ్మ ఎక్కడికి పోతుంది? పక్క గోడల్లోకే ఎక్కుతుంది. వాళ్ళ గోడకి ఇప్పటికే ఉప్పు ఉంది.

బలగ కొత్తిల్లు (శ్రీకాకుళం):

పరీక్ష చేశాను. నిన్న సాయంత్రం ఆరుకి నాలుగు చోట్ల కాగితాలు అతికించాను, మా అబ్బాయి చుట్టూ సుద్దతో గీతలు గీసి ఎవరూ తొక్కకుండా కాపలా కాశాడు. ఇవాళ సాయంత్రం తీశాం. గేటు దగ్గరున్న రెండూ పొడి. స్కూటర్ దగ్గర కాగితం అడుగున ఆవిరి పట్టి మసకబారింది. నాగావళి వైపు గోడ దగ్గరది తీయగానే చుక్కలు జారి గచ్చు మీద పడ్డాయి. కింద నేల చతురస్రంగా నల్లబడి ఉంది, చేయి పెడితే చల్లగా తగిలింది. ఇదే గచ్చు మీద వచ్చే వారం ఎపాక్సీకి అడ్వాన్సు ఇద్దామనుకున్నాను.

ఈ ఏడు పైన పొర కట్టేది ఏదీ వేయించను. డెన్సిఫయర్ వేయిస్తాను. నీళ్ళు పీల్చకుండా సిలేన్ సిలాక్సేన్ కూడా పూయమని షాపాయన అంటున్నాడు. అది వేస్తే మంచిదేనా?

పైడిభీమవరం ఫ్లోరింగ్:

ఆగండి, అది వేయకండి. అదీ గచ్చుకి ఊపిరాడనిస్తుంది, మంచిదే. కానీ నీటిని తోసేసే గుణం గచ్చులోకి దిగిపోతుంది. రేపు చెమ్మ తగ్గి మీరు ఎపాక్సీ వేయించాలనుకుంటే ప్రైమరు పట్టదు, ఆ మేర అంతా గీకి తీసేయాలి. డెన్సిఫయర్ ఒక్కటే వేయించి దారి తెరిచి ఉంచుకోండి.

చీపురుపల్లి సైట్ ఇంజినీర్:

ఇక్కడ ఫ్లోరింగ్ అన్న మాటే నా మాట. ఆ నాగావళి వైపు గోడ బయట నేల ఎత్తుగా ఉందా? మేడ మీది వాననీటి గొట్టం అక్కడే దిగుతోందా? చూసి చెప్పండి.

బలగ కొత్తిల్లు (శ్రీకాకుళం):

టార్చి లైటు వేసుకుని ఇప్పుడే చూసొచ్చాను. గొట్టం సరిగ్గా ఆ గోడ మూలనే దిగుతోంది. కింద మట్టిలో బిందె పట్టేంత గుంట పడి నీళ్ళు నిలిచి ఉన్నాయి. రేపు ప్లంబర్‌ని పిలిచి గొట్టాన్ని వీధి కాలువ దాకా పొడిగిస్తాను. గుంట పూడ్చి బయటికి వాలు పెట్టిస్తాను. స్కూటర్ కింద ప్రస్తుతానికి పాత రేకు పళ్ళెం పెట్టాను. సంక్రాంతి వెళ్ళాక ఒకసారి, మళ్ళీ వచ్చే వానాకాలంలో ఒకసారి అదే నాలుగు చోట్ల కాగితాలు అతికించి ఇక్కడే రాస్తాను. సుద్ద గీతల చోట మేకుతో చిన్న గుర్తులు పెట్టమని అబ్బాయికి చెప్పాను.

తోటపాలెం మాస్టారు (విజయనగరం):

నేనూ రేపు మా మేడ మీది గొట్టం ఎక్కడ దిగుతోందో చూస్తాను.