అప్‌డేట్: అమ్మకూ, మా అన్న కొడుకుకూ ఒకే మాత్ర వాడవచ్చా?

దేవరకొండలో ఉండే 68 ఏళ్ల మా అమ్మకూ, 15 ఏళ్ల మా అన్న కొడుకుకూ కుంగుబాటుకు ఒకే మాత్ర వాడవచ్చా అని నేను ఇంతకుముందు అడిగాను. ఇద్దరినీ నల్లగొండలో మానసిక వైద్యురాలికి చూపించాము.

అమ్మకు ముందుగా థైరాయిడ్, బీ12, సోడియం పరీక్షలు చేయించారు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే రకం కుంగుబాటు మందులతో వృద్ధులకు, ముఖ్యంగా అమ్మలాగా బీపీకి నీటి మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి) వేసుకునేవారికి, రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉన్నందున తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, రెండు వారాలకు మళ్లీ పరీక్షకు రమ్మన్నారు.

పిల్లవాడి చిరాకును మేము పొగరనుకున్నాము. ఆ వయసులో కుంగుబాటు దిగులుగా కాక చిరాకుగానే కనిపించవచ్చని తెలిసినప్పుడు, వాడిని తిట్టిన రోజులన్నీ గుర్తొచ్చి నాకు చాలా బాధ కలిగింది. బైపోలార్ (కుంగుబాటు, అతి ఉత్సాహం మారి మారి వచ్చే జబ్బు) ఉంటే కుంగుబాటు మాత్ర ఒక్కటే ఇవ్వడం మంచిది కాదు కనుక, మా ఇంట్లో ఎవరికైనా మేనియా (ఆ అతి ఉత్సాహ దశ) వచ్చిందా అని కూడా అడిగి, కౌన్సెలింగ్‌తో పాటు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకానికే చెందిన ఫ్లూఓక్సెటిన్ రాశారు. ఈ మందులతో మొదటి వారాల్లో చిన్న వయసువారిలో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు కాబట్టి, మాత్రలు వదిన దగ్గరే ఉంటున్నాయి.