ఆదాయం బాగా తగ్గింది: నగలు అమ్మాలా, తాకట్టు పెట్టాలా, ఫ్లాటే వదులుకోవాలా?

హోరమావు నివాసి:
నమస్కారం. మాది చిత్తూరు జిల్లా, చాలాకాలంగా బెంగళూరులోనే ఉంటున్నాం. మావారికి నెలకు 1,20,000 వచ్చే ఉద్యోగం పోయింది. వెతగ్గా వెతగ్గా కాంట్రాక్టు పని దొరికింది, 55,000 ఇస్తున్నారు. నేను ప్రైవేటు బడిలో టీచరును, నాకు 36,000. అంటే ఇంటికి వచ్చేది 91,000.

ఇక పోయేది. ఫ్లాటు అప్పు 38 లక్షలు మిగిలింది, వడ్డీ 8.5 శాతం, ఇంకా 13 ఏళ్లు, ఈఎంఐ 40,300. పర్సనల్ లోన్ 4 లక్షలు, ఈఎంఐ 14,500. క్రెడిట్ కార్డు మీద 1.8 లక్షలు, బ్యాంకు అడిగిన కనీస మొత్తం 9,000 కడుతూ వస్తున్నాం. పాడుకున్న చీటీకి 10,000, అది వచ్చే ఏడాది చివరికి తీరుతుంది. ఇవన్నీ పోగా 17 వేలు మిగులుతాయి. పిల్లల ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు ఎంత బిగబట్టినా 38 వేలకు తగ్గడం లేదు. నెలకు 21 వేలు లోటు.

నా దగ్గర మా అమ్మ పెట్టిన నగలు సుమారు 160 గ్రాములున్నాయి. ఇంట్లో తలా ఒక మాట. ఫ్లాటు అమ్మేసి అద్దెకు వెళ్లమని మా బావగారు. నగలు అమ్మి కార్డూ పర్సనల్ లోనూ తీర్చేద్దామని మావారు. అమ్మడానికి వీల్లేదు, కావాలంటే తాకట్టు పెట్టుకోమని మా అమ్మ. ఓదార్పు అక్కర్లేదు. లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
అమ్మా, ముందు కార్డు సంగతి. కార్డుల మీద వడ్డీ సాధారణంగా నెలకు 3 నుంచి 3.75 శాతం ఉంటుంది. మీది 3.5 అనుకుందాం. 1.8 లక్షల మీద నెల వడ్డీ 6,300, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,134. మొత్తం 7,434. మీరు కట్టే 9,000లో అసలుకు జమ అయ్యేది 1,566 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ గీకిన రోజు నుంచే వడ్డీ. ఆ నలభై యాభై రోజుల వడ్డీ లేని గడువు మీకు వర్తించదు. ఆ కార్డుతో పాలు, కూరగాయలు కొంటుంటే ఈరోజే ఆపండి. ఫ్లాటు, నగలు, చీటీ, అన్నీ ఆ తర్వాత.

ఏడాదికి 42 శాతం వడ్డీ అడిగే అప్పును మోస్తూ 8.5 శాతం అప్పు గురించి ఇంట్లో మీరు వాదులాడుకుంటున్నారు.

సర్జాపుర తెలుగువాడు:
మీ బావగారిదే సరైన మాట. ఇదే వీధిలో అద్దె ఎంత? రెండు పడకగదుల ఇల్లు పాతిక, ముప్ఫై వేలకు దొరికితే, ఆ పైన కడుతున్నదంతా ‘సొంత ఇల్లు’ అనిపించుకోవడానికి కడుతున్నదే. అమ్మితే బ్యాంకు అప్పు తీరి, పర్సనల్ లోనూ, కార్డూ తీరి, చేతిలో సొమ్ము మిగులుతుంది. ఉద్యోగం లేని మనిషికి కావలసింది చేతిలో సొమ్ము. పత్రాల మీద ఆస్తి కాదు. ఈ ఊరిలో కంపెనీలు ఎప్పుడు ఎవరిని పంపేస్తాయో తెలియని కాలంలో 13 ఏళ్ల ఈఎంఐకి కట్టుబడి ఉండటం నాకైతే వింతగా ఉంది.

యశవంతపుర అక్క:
ఫ్లాటు అమ్మడం సంతలో వంకాయలు అమ్మినంత తేలిక కాదు తమ్ముడూ. 2024 అక్టోబరు నుంచి ఇక్కడ రిజిస్ట్రేషనుకు ఈ-ఖాతా, అంటే ఆస్తి వివరాల డిజిటల్ పత్రం, తప్పనిసరి. వాళ్లకు అది వచ్చిందో లేదో మనకు తెలియదు. కొనేవాడికి రిజిస్ట్రేషను రుసుము 2025 ఆగస్టు చివర 1 నుంచి 2 శాతానికి పెరిగింది. ఆ భారాన్ని అతను మన ధరలోంచే కోస్తాడు. మూలపత్రాలు బ్యాంకు దగ్గర ఉంటాయి కాబట్టి కొనేవాడి బ్యాంకు, మన బ్యాంకు మాట్లాడుకోవాలి. ఇదంతా తేలేసరికి నెలలు పడుతుంది. ఆ నెలల ఈఎంఐ ఎవరు కడతారు? అవసరంలో ఉన్నారని వాసన తగిలితే బ్రోకర్లు ధర ఎలా దించుతారో మీకు తెలియనిది కాదు. అద్దె ఇంటికి అడ్వాన్సు వేరే.

హోరమావు నివాసి:
ఈ-ఖాతా వచ్చింది. ఫ్లాటు అమ్మడానికి నాకేమీ అభ్యంతరం లేదు. మావారికే ఉంది. గృహప్రవేశానికి ఊరి నుంచి బస్సు మాట్లాడి మరీ చుట్టాలను పిలిపించాం. వాళ్లందరికీ ఏమని చెప్పాలి అంటారు. లెక్కలో ఆ గడి లేదు కానీ ఇంట్లో అదే పెద్దది.

సర్జాపుర తెలుగువాడు:
ఆ చుట్టాల్లో ఒక్కరైనా ఒక్క ఈఎంఐ కడతారేమో అడగమనండి.

మారతహళ్లి మిత్రుడు:
అమ్మకాలు అలా ఉంచండి. మీవారి పీఎఫ్ ఎంత ఉంది? 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు నిబంధనలు సడలించాలని నిర్ణయించింది. పాతిక శాతం ఖాతాలో ఉంచి మిగతాది తీసుకునే వీలు కల్పించాలన్నది ఆ నిర్ణయం. పీఎఫ్ మీద వచ్చేది 8.25 శాతం, కార్డు మీద పోయేది 42. మూడో తరగతి పిల్లాడు కూడా చెప్పగలిగే లెక్క.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
మూడో తరగతి పిల్లాడికి తెలియనిది ఒకటుంది. పీఎఫ్ సొమ్మును అప్పులవాళ్లు జప్తు చేయలేరు. 1952 నాటి చట్టం 10వ సెక్షన్ ఆ రక్షణ ఇస్తుంది. రేపు పరిస్థితి ఇంకా దిగజారి, నోటీసుల దాకా వెళితే, ఈ కుటుంబానికి ఎవరూ ముట్టుకోలేని సొమ్ము అదొక్కటే. దాన్ని తీసి బ్యాంకు చేతిలో పోసి, ఆ తర్వాత మిగతావాటికి భయపడటం ఏం తెలివి? సర్వీసు అయిదేళ్లు నిండకుండా తీస్తే పన్ను కూడా పడుతుంది. పీఎఫ్ ఆఖరున.

మారతహళ్లి మిత్రుడు:
42 శాతం మంట ముందున్నప్పుడు ఆఖరు ఏమిటండీ? నగలు ఉన్నాయి కాబట్టి మీరలా అంటున్నారు. నగలు లేని ఇంటికి ఏం చెబుతారు?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
లేని ఇంటికి పీఎఫ్‌నే చెబుతాను. ఈ ఇంట్లో ఉన్నాయి కదా.

కోలారు కోడలు:
ఇక్కడ నాకు ఒళ్లు మండుతోంది. అందరూ ఆ 160 గ్రాములు ఇంటి ఉమ్మడి సొమ్మన్నట్టు మాట్లాడుతున్నారు. అవి ఆమెకు తల్లి పెట్టినవి, స్త్రీధనం. భర్తకు అందులో వాటా లేదని సుప్రీంకోర్టు 1985లో చెప్పింది, 2024 ఏప్రిల్‌లో మరోసారి చెప్పింది. కష్టంలో భర్త వాడుకోవచ్చు, కానీ తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉంటుందని కూడా చెప్పింది. ఫ్లాటు ఎవరి పేరున ఉంది? పర్సనల్ లోన్ ఎవరు తీసుకున్నారు, దేనికి? ముందు ఇవి తేల్చకుండా ‘నగలు అమ్మేద్దాం’ అనడం ఎంత సులువో!

హోరమావు నివాసి:
ఫ్లాటు ఇద్దరి పేరునా ఉంది. పర్సనల్ లోన్ ఆయన పేరున. ఇంటి లోపలి పనులకు, ఆ గృహప్రవేశానికి అయింది. మీ కోపం అర్థమైంది అక్కా. కానీ నెల ఒకటో తారీఖు ఈఎంఐ ఇద్దరి ఖాతాలోంచీ పోతుంది. నేను ఇవ్వననడం లేదు. ఎలా ఇస్తే తక్కువ పోతుందో అడుగుతున్నాను.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
తాకట్టు లెక్క ఇదీ. కార్డు, పర్సనల్ లోన్ కలిపి 5.8 లక్షలు. అంత బంగారం మీద అప్పు తీసుకుంటే, బ్యాంకులో 9.5 శాతం అనుకుందాం, ఏడాది వడ్డీ 55,100. నెలకు సుమారు 4,600. తీరిపోయే రెండు అప్పులకూ ఇప్పుడు కట్టేది 23,500. అంటే నెలకు దాదాపు 19 వేలు ఊపిరి. మీ 21 వేల లోటు దాదాపు పూడుతుంది. బంగారం ధరలో 75 శాతం దాకా అప్పు ఇస్తారు, చిన్న మొత్తాలకు ఇంకొంచెం ఎక్కువ. కాబట్టి 160 గ్రాములూ పెట్టనక్కర్లేదు. వీధి చివరి తాకట్టు దుకాణానికి మాత్రం వెళ్లకండి, అక్కడ వడ్డీ వేరే కథ.

సర్జాపుర తెలుగువాడు:
మరి అసలు? ఆ 5.8 లక్షలు ఏడాది తర్వాత ఆకాశం నుంచి పడతాయా? చివర్లో ఒకేసారి కట్టే బంగారు అప్పుకు గడువు పన్నెండు నెలలే. వడ్డీ కట్టి మళ్లీ రాయించుకుంటూ పోవడం, ఒక ఏడాది వడ్డీ కూడా కుదరకపోతే వేలం నోటీసు. మా ఇంట్లో నాన్నమ్మ వడ్డాణం అలాగే వెళ్లింది. అమ్మినా పోయేది, తాకట్టు పెట్టాక పోయింది. తేడా ఏమిటంటే తాకట్టు పెట్టి ముందు వడ్డీలు కూడా కట్టాం. ఆదాయం తిరిగి పెరుగుతుందన్న నమ్మకం ఉంటేనే తాకట్టు. లేకపోతే అమ్మడమే నయం.

యశవంతపుర అక్క:
ఇది మాత్రం ఒప్పుకోవాల్సిన మాట. నా వరకు నేను అమ్మమనే చెబుతాను, కానీ అన్నీ కాదు. తెగిన గొలుసులు, ఒంటరి కమ్మలు, ఎవరూ పెట్టుకోని పాత గాజులు ప్రతి బీరువాలోనూ ఉంటాయి. చిక్కపేటలోనో అవెన్యూ రోడ్డులోనో మూడు దుకాణాలు తిరిగి అడగండి. రాళ్ల బరువు తీసేసి తూస్తారు, స్వచ్ఛత కట్టి ధర చెబుతారు. మజూరీ ఎలాగూ తిరిగి రాదు. కాబట్టి మజూరీ ఎక్కువ పడిన నగలను ఆఖరున అమ్మాలి, సాదా గాజులు, నాణేలు ముందు అమ్మాలి. ఇంకొకటి: రెండేళ్లు దాటిన బంగారం అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను ఉంది. అమ్మ దగ్గర నుంచి వచ్చినవి కాబట్టి ఆవిడ కొన్న ధరే లెక్క. 2001 ఏప్రిల్‌కు ముందువైతే అప్పటి మార్కెట్ ధర తీసుకోవచ్చు. ఆడిటరును ఒకసారి అడగండి.

కె.ఆర్. పురం యువకుడు:
ఇంత కష్టం ఎందుకు? కార్డు కట్టడం ఆపేయండి. ఆరు నెలలకు వాళ్లే ఫోన్ చేసి సగానికి సెటిల్‌మెంట్ ఇస్తామంటారు. నా స్నేహితుడికి అలాగే అయింది.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
మీ స్నేహితుడు ఆ తర్వాత ఏదైనా అప్పుకు వెళ్లాడా? మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదికలో ఆ ఖాతా ‘పూర్తిగా తీర్చారు’ అని కాదు, ‘సెటిల్ అయింది’ అని ఏళ్ల తరబడి కనిపిస్తుంది. ఇంటి అప్పు ఉన్న కుటుంబానికి ఆ సలహా ఇవ్వకండి. ఇక ఏజెంట్లు ఫోన్ చేస్తే మాత్రం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. బంధువులకు ఫోన్ చేసి పరువు తీస్తే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు.

అందరూ వదిలేసిన పెద్ద అప్పు సంగతి. ఇంటి అప్పు గడువును 13 నుంచి 20 ఏళ్లకు పెంచమని అడగండి. ఈఎంఐ 40,300 నుంచి సుమారు 33,000కు దిగుతుంది. నెలకు 7,300 మిగులు.

మారతహళ్లి మిత్రుడు:
ఆ 7,300 కోసం మొత్తం మీద ఎంత ఎక్కువ కడతారో కూడా చెప్పండి సార్. నేను లెక్క వేశాను: ఇప్పటిలాగే కడితే సుమారు 63 లక్షలు, సాగదీస్తే 79 లక్షలు. పదహారు లక్షలు బ్యాంకుకు దక్షిణ.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
ఇరవై ఏళ్లూ అలాగే కూర్చుంటే. చలన వడ్డీ (మార్కెట్‌ను బట్టి మారే వడ్డీ) మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చినా రుసుము లేదు. చీటీ తీరిన నెల నుంచి ఆ 10,000 అసలుకు కట్టుకుంటూ పోతే ఆ పదహారు లక్షల్లో చాలా భాగం కరిగిపోతుంది. కానీ బ్రాంచిలో ఒక ప్రశ్న అడిగి, జవాబు రాతలో తీసుకోవాలమ్మా: దీన్ని ‘రీస్ట్రక్చర్’ ఖాతాగా నమోదు చేస్తారా అని. కష్టాల్లో ఉన్నందుకు ఇచ్చిన సడలింపుగా రాస్తే ఖాతా వర్గం మారి, సిబిల్‌లో మచ్చ పడుతుంది. ఒక్క ఈఎంఐ కూడా తప్పకముందే వెళ్లండి. తప్పాక మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. 90 రోజులు దాటితే మొండి బాకీ, ఆ పైన తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. 2020లో కరోనాకు ఇచ్చినట్టు అందరికీ మారటోరియం, అంటే ఈఎంఐల వాయిదా, ఇప్పుడు లేదు. ఎవరైనా ఉందని ఫోన్ చేస్తే మోసం.

కోలారు కోడలు:
ఇంటి ఖర్చు 38 వేలలో ఏముందో ఆమెను ఎవరూ అడగనందుకు సంతోషం. సాధారణంగా ఇలాంటి చర్చలో మూడో వ్యాఖ్యకే ‘ఆడవాళ్ల ఖర్చు’ వచ్చేస్తుంది.

హోరమావు నివాసి:
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి కూర్చుని మాట్లాడుకున్నాం. తాకట్టు వద్దనుకున్నాను. సర్జాపుర గారు అడిగిన ‘అసలు ఎక్కడిది’ అన్నదానికి మా దగ్గర జవాబు లేదు. మా అమ్మకు ఇది నచ్చదు, ఆవిడకు నేనే చెబుతాను.

నాణేలు, పాత గాజులు, తెగిన గొలుసు అమ్మి కార్డు మొత్తం కట్టేస్తాం. దాంతో 9,000. ఇంటి అప్పు గడువు పెంపుతో 7,300. ఇంకా దాదాపు 5,000 లోటు. కారు అమ్మితే బీమా, పెట్రోలు, పార్కింగు కలిపి అంతకంటే ఎక్కువే మిగులుతుంది. దానికి ఆయనే ముందుగా ఒప్పుకున్నారు, ఆశ్చర్యంగా. పర్సనల్ లోన్ అలాగే నడుస్తుంది. స్థిర వడ్డీది కాబట్టి ముందుగా తీర్చడానికి రుసుము ఉందేమో ఒప్పందం చూడాలి. పీఎఫ్ ముట్టుకోం.

ఫ్లాటుకు గడువు పెట్టుకున్నాం. చీటీ తీరేలోపు ఆయనకు నికరమైన ఉద్యోగం దొరక్కపోతే అమ్మకానికి పెడతాం. ఆ మాట కాగితం మీద రాయించాను, ఇద్దరం సంతకం పెట్టాం. నా నగలు ఎన్ని గ్రాములు వెళ్లాయో కూడా అదే కాగితంలో ఉంది.

సర్జాపుర తెలుగువాడు:
అప్పటికి ధర ఇంకా దిగితే?

యశవంతపుర అక్క:
పెరిగితే? ఆ సంగతి అప్పుడు చూద్దాం. అమ్మా, చిక్కపేటకు శనివారం వెళ్లకండి, తొక్కిసలాట. మంగళవారం ఉదయం వెళ్లండి. పాత రసీదులుంటే తీసుకెళ్లండి, ఆధార్, పాన్ కూడా. సొమ్ము నగదుగా తీసుకోకుండా ఖాతాలోకే వేయించుకోండి.