చిన్న జెల్లలు, పెద్ద జెల్లలు: కొలతలను బట్టి రెండు జాతులనొచ్చా?

సన్నమీసం:
నమస్కారం అండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మిస్టస్ ప్రజాతి జెల్లలు (మీసాలుండే చేపలు) కొలుస్తున్నాను. తల పొడవు, శరీరం ఎత్తు, కంటి వ్యాసం లాంటివి కాలిపర్‌తో తీసి, ప్రతిదాన్నీ ప్రామాణిక పొడవుతో (మూతి కొన నుంచి తోక వాజం మొదలు దాకా) భాగించి శాతాలు కట్టాను. పీసీఏ (చాలా కొలతలను కలిపి రెండు మూడు అక్షాల మీద చూపే గణాంక పద్ధతి) చేస్తే రెండు గుంపులు చక్కగా విడిపోయాయి. ఒక గుంపులో అన్నీ చిన్న చేపలే. ఇవి రెండు జాతులని రాయొచ్చా? సబ్మిషన్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

కొలబద్ద:
అప్పుడే రాయకండి. "ఒక గుంపులో అన్నీ చిన్నవే" అన్నారు కదా, చూడాల్సింది అదే. చేప పెరిగేటప్పుడు ఒళ్లంతా ఒకే లెక్కన పెరగదు. పిల్ల చేపకు ఒంటితో పోలిస్తే కన్ను పెద్దది, పెరిగేకొద్దీ ఆ నిష్పత్తి తగ్గుతుంది. అందుకే పొడవుతో భాగించినంత మాత్రాన సైజు ప్రభావం పోదు. మీకు కనిపించింది వయసు తేడా కావచ్చు.

కొలతనూ పొడవునూ లాగరిథమ్‌లోకి మార్చి, రెంటి మధ్య రిగ్రెషన్ వాలు (పొడవుతో పాటు కొలత ఏ లెక్కన మారుతుందో చెప్పే సంఖ్య) కట్టండి. ఆ వాలుతో ప్రతి కొలతనూ సగటు పొడవున్న చేపకు సర్దండి. సర్దాక కూడా పొడవుతో సంబంధం మిగిలిందేమో తప్పకుండా చూడండి. రెండు గుంపుల పొడవులూ ఎక్కడా కలవకపోతే మాత్రం ఏ సూత్రమూ ఆదుకోదు, మధ్య సైజు చేపలు కావాల్సిందే. ఈ మాట నేను ప్రతి విద్యార్థికీ చెబుతాను, ఎందుకంటే లేని జాతి ఒక్కసారి కాగితం మీదికెక్కితే దాన్ని తీసేయడానికి ఏళ్లు పడుతుంది.

కొలతల కంటే ముందు ఎడిపోజ్ వాజం (వెన్ను వాజానికీ తోకకీ మధ్య వీపు మీద ఉండే మెత్తటి, కండగల వాజం) చూశారా? మిస్టస్ కావాసియస్‌లో అది వెన్ను వాజం వెనకే మొదలవుతుంది. మిస్టస్ విట్టాటస్‌లో పొట్టిగా, మధ్యలో ఖాళీ వదిలి ఉంటుంది.

నీటిమొక్క:
కొలబద్ద గారి మాటకు ఒకటి కలుపుతాను. నీటి పరిస్థితులు కూడా ఆకారాన్ని మారుస్తాయి. పైక్ అనే వేటచేప ఉన్న నీళ్లలో క్రూషియన్ కార్ప్ ఒళ్లు ఎత్తు పెరుగుతుందని 1992లో ప్రయోగంతో చూపించారు. జాతి ఒకటే, ఆకారాలు రెండు. డీఎన్ఏ కోసం కండ ముక్కను ఫార్మలిన్‌లో వేయకముందే ఇథనాల్‌లో దాచండి.

సన్నమీసం:
ఇప్పుడే లెన్స్ కింద చూశాను సార్. చిన్నవాటిలోనూ పెద్దవాటిలోనూ ఎడిపోజ్ వాజం వెన్ను వాజం వెనకాలే మొదలవుతోంది. మీసాలు కూడా అన్నిట్లో తోక మొదలు దాకా ఉన్నాయి.

కొలబద్ద:
అయితే రెండు జాతులనడానికి మీ దగ్గర ఆధారం లేదు. అన్నీ కావాసియస్ అయ్యే అవకాశమే ఎక్కువ. సైజు సర్దిన గ్రాఫును పాత శాతాల గ్రాఫు పక్కనే పెట్టి రాయండి, గుంపులు ఎందుకు విడిపోయాయో చదివేవాళ్లకు అర్థమవుతుంది. గైడ్‌కు కూడా ఇవాళే చూపించండి.