బరువు తగ్గించే సూది: ఆపితే పెరుగుతుంది సరే, జీవితాంతం వాడాలని ఎక్కడ తేలింది?

వేసవిగాలి

వారానికొకసారి సెమాగ్లూటైడ్ సూది వేసుకుంటున్నాను. మధుమేహం లేదు, గుండె జబ్బు లేదు, అధిక బరువు ఒక్కటే కారణం. అనుకున్న బరువుకు దిగాను. ఇక ఆపుదామంటే మా డాక్టరు గారు ససేమిరా అంటున్నారు. ఆపితే మళ్లీ పెరుగుతారు, కాబట్టి జీవితాంతం వాడాల్సిందే అన్నది ఆయన వాదన. నాకు పేచీ ఆ తర్కంతోనే. ఆపితే పెరుగుతుందనడం ఒక సంగతి, ఎప్పటికీ ఆపకూడదనడం మరో సంగతి. మొదటిదానికి రుజువులున్నాయని నాకూ తెలుసు. రెండోదానికి ఉన్నాయా? వాడాలా వద్దా అన్న సలహా నాకు అక్కర్లేదు. మీ మాటకు ఆధారం ఏమిటో చెప్పండి, చాలు.

నాడి

హార్మోన్ల వైద్యంలో ఉన్నవాణ్ని, మీ డాక్టరు గారి పక్షమే మాట్లాడతాను. 2021లో ఫలితాలు వచ్చిన స్టెప్-1 పరీక్షలో 1,961 మందికి 68 వారాల పాటు సెమాగ్లూటైడ్ గానీ ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి సూది) గానీ ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ప్లాసిబో వాళ్లు 2.4 శాతం. తరువాత మందు ఆపేసి వాళ్లలో కొందరిని మరో ఏడాది గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. రక్తపోటు కూడా పాత అంకెకే చేరింది.

ఇలాంటిదే మరో సూది టిర్జెపటైడ్. దాని మీద జరిగిన సర్మౌంట్-4 పరీక్ష కూడా అదే చెప్పింది. 36 వారాల్లో 20.9 శాతం తగ్గినవాళ్లను రెండు జట్లుగా విడదీశారు. ప్లాసిబోకు మారిన జట్టు ఏడాదిలో 14 శాతం పెరిగింది, మందు కొనసాగించిన జట్టు ఇంకో 5.5 శాతం తగ్గింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరుగుతుంది. అందుకని మాత్ర దండగ అని ఎవరైనా అంటారా? ఊబకాయం కూడా దీర్ఘకాలిక జబ్బే. ఒక కోర్సు వాడి వదిలేయడానికి ఇది యాంటీబయాటిక్ కాదు.

నిత్యశంక

నాడి గారూ, స్టెప్-1 గురించి చెప్పేవాళ్లు ఒక ముక్క ఎప్పుడూ మింగేస్తారు. 68వ వారంలో ఆపింది సూది ఒక్కటే కాదు. తిండి, వ్యాయామం గురించి అన్ని వారాలూ క్రమం తప్పకుండా ఇస్తూ వచ్చిన సలహాలు, పర్యవేక్షణ కూడా అప్పుడే ఆపేశారు. రెండు ఊతకర్రలూ ఒకేసారి లాగేసి, చూశారా పడిపోయాడు అన్నట్టుంది.

బీపీ మాత్రతో పోలిక కూడా నాకు మింగుడుపడదు. ఆ మందుల వెనక దశాబ్దాల గమనింపు ఉంది. సెమాగ్లూటైడ్‌ను బరువు కోసం అమెరికాలో అనుమతించిందే 2021లో. ముప్పై ఐదేళ్ల మనిషికి జీవితాంతం అంటే ఇంకో నలభై ఏళ్లు. ఏడాదిన్నర పరీక్ష చూపించి నలభై ఏళ్ల చీటీ రాసేస్తారా?

నాడి

ఆ అనుమానానికి జవాబు స్టెప్-4లో ఉంది. అక్కడ మొదటి 20 వారాలు అందరికీ మందిచ్చి, తరువాత 803 మందిని రెండుగా విడదీశారు. సలహాలు, పర్యవేక్షణ రెండు జట్లకూ చివరిదాకా సాగాయి. అయినా ప్లాసిబోకు మారినవాళ్లు 48 వారాల్లో 6.9 శాతం పెరిగారు, కొనసాగించినవాళ్లు 7.9 శాతం తగ్గారు. మీరన్న రెండో ఊతకర్ర చేతిలోనే ఉంది. అది ఆపలేకపోయింది.

ఇక కాలం మాట. ఈ సూదులు జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోనును అనుకరిస్తాయి. ఈ కుటుంబంలో మొదటి మందు ఎక్సెనటైడ్. దానికి అమెరికాలో 2005లోనే అనుమతి వచ్చింది. మధుమేహంలో ఈ తరహా మందుల వాడకానికి ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. నిన్న మొన్న పుట్టినవి కావు.

నిత్యశంక

మధుమేహ రోగికి, తక్కువ డోసుల్లో. ఇక్కడ అడుగుతున్న మనిషికి మధుమేహం లేదు. కర్ర విడిచి సాము చేయకండి.

పరీక్షనాళిక

మీరిద్దరూ శాతాలతో కొట్టుకుంటున్నారు. శరీరం ఎందుకలా చేస్తుందో కాస్త చూద్దాం. నేను ల్యాబులో పనిచేస్తాను, రోగులతో కాదు.

బరువు తగ్గితే శరీరం ఖర్చుచేసే శక్తి, పోయిన కండకూ కొవ్వుకూ తగినంత కంటే ఎక్కువగా పడిపోతుందని 1995లోనే లీబెల్, రోజెన్‌బామ్, హిర్ష్ అనే పరిశోధకులు కొలిచి చూపారు. అప్పటినుంచి అందరి నోటా మెటబాలిజం మందగించడం గురించే. కానీ అసలు పోరు అటు వైపు కాదు, ఆకలి వైపు.

దీన్ని కొలిచిన తీరు నాకు భలే నచ్చుతుంది. కెనాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహం మాత్ర రోజూ కొంత గ్లూకోజును మూత్రంలో బయటకు పంపేస్తుంది. మింగినవాళ్లకు అన్ని కేలరీలు పోతున్నాయన్న స్పృహే ఉండదు. డైటింగ్ చేస్తున్నామన్న పట్టుదల ఉండదు, చాటుగా తిన్నామన్న అపరాధభావమూ ఉండదు. 2016లో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం ఆ మాత్ర పరీక్షలో పాల్గొన్నవాళ్ల బరువు ఎలా తగ్గింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది తీసుకుని, వాళ్లకు తెలియకుండానే ఎంత ఎక్కువ తిని ఉంటారో లెక్కగట్టింది. తగ్గిన ప్రతి కిలోకూ రోజువారీ తిండి దాదాపు 100 కేలరీలు పెరిగింది. అదే కిలోకు ఖర్చు తగ్గేది 20 నుంచి 30 కేలరీలే. పది కిలోలు తగ్గిన మనిషిని శరీరం రోజుకు వెయ్యి కేలరీలు అదనంగా తినమని పోరుతోందన్నమాట. సంకల్పబలం లేదని పక్కవాళ్లను ఎత్తిపొడిచేవాళ్లు ఈ అంకె ముందు కాసేపు కూర్చుంటే మంచిది.

ఇది నెలా రెండు నెలల్లో సర్దుకునేది కూడా కాదు. 2011లో ఆస్ట్రేలియాలో 50 మందికి పది వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి చూశారు. ఏడాది తరువాత కూడా కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తక్కువగానే ఉంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగానే ఉంది. 2024లో జ్యూరిక్ శాస్త్రవేత్తలు మరో అడుగు లోపలికి వెళ్లారు. బరువు తగ్గాక కూడా కొవ్వు కణాల్లో జన్యువులు పనిచేసే తీరులో పాత ఊబకాయపు మార్పులు మిగిలే ఉన్నాయని మనుషుల్లోనూ ఎలుకల్లోనూ చూశారు. ఎలుకల్లోనైతే ఆ జన్యువుల దగ్గర పాత రసాయన గుర్తులు కూడా దొరికాయి. అలాంటి ఎలుకలకు మళ్లీ కొవ్వు ఎక్కువున్న మేత పెడితే మిగతావాటికంటే త్వరగా లావెక్కాయి.

ఆపేసినవాడు

పరీక్షనాళిక గారు ఆకలి గురించి రాసింది అక్షరాలా నిజం. నేను టిర్జెపటైడ్ ఆపాను. ఆపిన తొలి వారాల్లో భోజనం చేసి చేయి కడుక్కుంటూనే తరువాత ఏం తినాలా అని లెక్కలు వేసేవాణ్ని. కడుపు నిండుగా ఉంది, బుర్ర మాత్రం పస్తున్నట్టు గోల పెట్టేది. మందు మీద ఉన్నన్నాళ్లూ ఆ గోల లేదు. ఇప్పుడు కొంత పెరిగి ఆగాను. తగ్గినదాంట్లో ఎక్కువ భాగం నిలిచింది.

నాడి గారు సర్మౌంట్-4 సగటు ఒక్కటే చెప్పారు. దాని వెనక ఇంకో అంకె ఉంది. ప్లాసిబోకు మారినవాళ్లలో 16.6 శాతం మంది తాము తగ్గిన బరువులో కనీసం 80 శాతాన్ని చివరిదాకా నిలబెట్టుకున్నారు. మందు కొనసాగించిన జట్టులో ఆ సంఖ్య 89.5 శాతం. తేడా ఎంతుందో నాకు కనిపిస్తోంది, దాచడం లేదు. అయినా ఆరుగురిలో ఒకరు మందు లేకుండా నెగ్గుకొచ్చారు కదా. ఆ ఒక్కరు ఎవరో ముందే గుర్తించే మార్గం వెతకకుండా, అందరికీ జీవితాంతం అనడం ఏం న్యాయం?

నిత్యశంక

అదీ మాట. నావి ఇంకో మూడు సంగతులున్నాయి.

థైరాయిడ్ మాత్రతో పోల్చేవాళ్లు ఎలాగూ వస్తారు, కాబట్టి ముందే చెబుతున్నాను. థైరాయిడ్ మాత్ర ఒంట్లో లేని హార్మోనును భర్తీ చేస్తుంది. పేగుల్లో పుట్టే సహజ జీఎల్‌పీ-1 రక్తంలో రెండు నిమిషాల్లో సగమైపోతుంది. సెమాగ్లూటైడ్ సగమవడానికి వారం పడుతుంది. ఇది లోటు పూడ్చడం కాదు, ప్రకృతిలో ఎప్పుడూ లేని స్థాయిలో ఒక సంకేతాన్ని రాత్రింబవళ్లు మోగించడం.

రెండోది కండ. స్టెప్-1లోనే 140 మందికి స్కాన్ చేస్తే, తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కానిదని తేలింది. పెరిగేటప్పుడు కొవ్వు ముందు పరుగెత్తుకొస్తుంది, కండ అంత తేలిగ్గా రాదు. ఆపుతూ మొదలుపెడుతూ ఉంటే అసలుకే ఎసరు.

మూడోది, జబ్బు అన్న ముద్ర. 2025 జనవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ ఊబకాయాన్ని రెండుగా విడదీసింది. అవయవాల పనితీరు దెబ్బతిన్నదాన్నే జబ్బుగా లెక్కించమంది. దెబ్బతినని దశను ముప్పుగా చూడమంది. వేసవిగాలి గారు ఏ గడిలో ఉన్నారో అడగకుండానే దీర్ఘకాలిక జబ్బు అనేశారు.

నాడి

రెండో పాయింటుతో మీరు నా వాదనకే బలం చేకూర్చారు. ఆపి మళ్లీ మొదలుపెడితే కండ పోతుందన్నారు. అయితే ఆపకూడదనేగా? అన్నట్టు, స్కాన్‌లో కొవ్వు కానిదంతా కండ కాదు. నీరు, కాలేయం లాంటి అవయవాల బరువు కూడా అందులోనే ఉంటాయి. బరువులెత్తే వ్యాయామం, తగినంత ప్రోటీను అవసరమన్నది మాత్రం కాదనను.

మూడోది సరైన ప్రశ్న. వేసవిగాలి గారూ, మందుకు ముందు మీ చక్కెర, రక్తపోటు, కాలేయపు కొవ్వు, మోకాళ్లు, నిద్రలో శ్వాస ఎలా ఉండేవి? వాటిలో ఏదైనా చెడి ఉండి ఇప్పుడు కుదుటపడితే, మీరు నిలబెట్టుకోవాల్సింది బరువును కాదు, దాన్ని.

గుండె జబ్బు ఉన్నవాళ్ల విషయంలో మాత్రం నాకు తటపటాయింపు లేదు. సెలెక్ట్ పరీక్షలో మధుమేహం లేని, గుండె రక్తనాళాల జబ్బు ఉన్న 17,604 మందిని సగటున 40 నెలలు చూశారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. బరువు బాగా తగ్గినవాళ్లకూ అంతగా తగ్గనివాళ్లకూ ఆ మేలు అందింది. అలాంటి రోగి బరువు తగ్గాను కదా, ఆపేస్తాను అంటే నేను ఒప్పుకోను.

నిత్యశంక

20 శాతం అన్నది వినసొంపుగా ఉంటుంది. విడమర్చి చెప్పండి. ప్లాసిబోలో వందకు 8, మందులో వందకు 6.5. తేడా ఒకటిన్నర. అంటే ఒక్కరిని కాపాడటానికి దాదాపు 67 మంది మూడేళ్లకు పైగా సూది వేసుకోవాలి. అదే పరీక్షలో దుష్ప్రభావాలు భరించలేక మందు వదిలేసినవాళ్లు 16.6 శాతం, ప్లాసిబోలో 8.2. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఇది మంచి బేరమే, నేనూ వాడమనే చెబుతాను. జబ్బు లేనివాళ్లకు ఈ లెక్కను అంటగట్టడంతోనే నా తగువు.

నిర్వాహకుడు

చీటీ లేకుండా సూది దొరికే చోట్లు చెబుతూ పెట్టిన రెండు వ్యాఖ్యలు తొలగించాను. మళ్లీ పెడితే ఖాతా మూసేస్తాను. చర్చ కొనసాగించండి.

వేసవిగాలి

నాడి గారూ, మందుకు ముందు చక్కెర మధుమేహపు గీతకు కాస్త కింద ఉండేది, ఇప్పుడు మామూలుగా ఉంది. మిగతావి అప్పుడూ బాగానే ఉన్నాయి. మీ ప్రశ్న న్యాయమైనదే.

అయితే మందు ఆపి చూసినవని మీరు చెప్పిన మూడు పరీక్షల్లోనూ నాకు కనిపించింది ఒకటే: పూర్తి డోసు నుంచి ఒక్కసారిగా సున్నాకు దించడం. మొదలుపెట్టేటప్పుడు మాత్రం నెలకొక మెట్టు చొప్పున పెంచారు కదా, దించేటప్పుడు ఆ మెట్లు ఏమయ్యాయి? సగం డోసు, లేదా రెండు వారాలకొక సూది, దానికి తోడు గట్టి వ్యాయామం, వీటితో పోల్చకుండా పూర్తి డోసు జీవితాంతం అని ఎలా తేలుస్తారు? మీరు రుజువు చేసింది హఠాత్తుగా ఆపకూడదని మాత్రమే.

పరీక్షనాళిక

వ్యాయామం విషయంలో కొంత ఆధారం ఉంది. డెన్మార్క్‌లో 195 మంది ముందు ఎనిమిది వారాలు తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గారు. తరువాత ఏడాది పాటు కొందరికి లిరాగ్లూటైడ్, కొందరికి పర్యవేక్షణతో వ్యాయామం, కొందరికి రెండూ, కొందరికి ప్లాసిబో. అన్నీ ఆపేశాక మరో ఏడాదికి చూస్తే, మందు ఒక్కటే వాడినవాళ్లకంటే వ్యాయామం కూడా చేసినవాళ్లకు తిరిగొచ్చిన బరువు తక్కువ. కాకపోతే అది లిరాగ్లూటైడ్, రోజూ వేసుకునే పాత మందు. సెమాగ్లూటైడ్‌తో తగ్గేంత బరువు దానితో తగ్గదు.

నాడి

వేసవిగాలి గారి పాయింటు ఒప్పుకోక తప్పదు. మెట్లు దించడం మీద నేను చూపగలిగే ఆధారం, ఆపడం మీద ఉన్నంత గట్టిది కాదు. నా రోగి ఇలాగే అడిగితే డోసు ఒక మెట్టు దించి మూడు నెలలు చూస్తాను. తూకం ఒక్కటే కాదు, నడుము కొలత, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర), రక్తపోటు కూడా. ఏ అంకె దాటితే పాత డోసుకు వెళ్లాలో మొదటి రోజే ఇద్దరం కాగితం మీద రాసుకుంటాం. పెరిగాక బేరాలాడితే ఎవరూ వినరు. నిలకడగా ఉంటే ఇంకో మెట్టు. ఇది మీ డాక్టరు గారి ముందు పెట్టండి. జీవితాంతం అన్నాయన మూడు నెలలకు ఒప్పుకుంటారేమో చూడండి.

నిత్యశంక

మొదటి పోస్టులో ఈ మాట చెప్పి ఉంటే ఇన్ని వ్యాఖ్యలు రాసే పని తప్పేది. ఆ మెట్లు దించే పరీక్షకు డబ్బు ఎవరు పెడతారన్నది మాత్రం అలాగే ఉంది. మందు తక్కువ వాడినా సరిపోతుందని నిరూపించాలన్న ఉబలాటం అమ్మేవాళ్లకు ఎందుకుంటుంది? 2026లో కొన్ని దేశాల్లో సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు తీరుతోంది. అప్పుడైనా ప్రభుత్వ నిధులతో ఎవరైనా పూనుకుంటారేమో. ఈ లోగా వేసవిగాలి గారూ, మీ మూడు నెలల అంకెలు ఇక్కడ పెట్టండి, పెరిగినా సరే.