మన ఉక్కలో లెపర్డ్ గెక్కో గుడ్లు నిలబడతాయా?

లంక_కుర్రాడు:
అందరికీ నమస్తే అండి. మాది అమలాపురం పక్కన. నా దగ్గర లెపర్డ్ గెక్కోలు (చుక్కల పెంపుడు బల్లులు) ఒక మగ, రెండు ఆడ ఉన్నాయి, మూడూ ఒకే మూడడుగుల అక్వేరియం ట్యాంకులో. మొన్నటి నుంచి పెద్ద ఆడదాని పొట్ట చర్మం కింద రెండు తెల్లటి ఉండలు కనపడుతున్నాయి, గుడ్లే అనుకుంటున్నా. ఇప్పుడు ట్యాంకులో ఏం మార్చాలి, గుడ్లు ఎక్కడ పొదిగించాలి? మా మావయ్య నాటుకోళ్ల ఇంక్యుబేటర్ ఖాళీగానే ఉంది, అందులో పెట్టేయమంటున్నాడు. యూట్యూబ్‌లో ఎవరిని చూసినా కరెంటుతో వేడెక్కే హీట్ మ్యాటే అంటున్నారు గానీ వాళ్ల ఊళ్లు వేరు, మన ఉక్క వేరు కదా. అడుగున కొబ్బరి పొట్టు పరిచాను, ఇక్కడ ఊరికే దొరుకుతుందని. గోడ మీద ఉన్న బల్లులు చాలక డబ్బులు పోసి కొనుక్కొచ్చావా అని మా నాయనమ్మ ఇప్పటికే రోజూ తలంటుతోంది, పిల్లలు కూడా పుడితే ఇంక చూడక్కర్లేదు.

భీమవరం_గెక్కో:
తమ్ముడూ, కోళ్ల ఇంక్యుబేటర్ మాట మర్చిపో. అది 37.5 డిగ్రీల దగ్గర నడుస్తుంది, గెక్కో గుడ్డు 35 దగ్గర కొన్నాళ్లు ఉంటేనే పోతుంది. పైగా ఆ మెషీన్ గుడ్లని తిప్పుతూ ఉంటుంది. కోడిగుడ్డు తిప్పకపోతే పాడవుతుంది, గెక్కో గుడ్డు తిప్పితే పాడవుతుంది, ఎందుకంటే లోపల పిండం పైవైపు అంటుకుని పెరుగుతుంది. అందుకని గుడ్డు కనపడగానే ఉన్నది ఉన్నట్టే పైన పెన్సిల్‌తో చుక్క పెట్టి, ఆ చుక్క పైకే ఉండేలా తీసి పెట్టు.

మగదాన్ని ఇవాళే వేరు చెయ్. ఒకసారి జత కడితే ఆడది ఆ వీర్యాన్ని దాచుకుని సీజనంతా గుడ్లు పెట్టగలదు, రెండేసి చొప్పున. ఇక మగది పక్కనుంటే దాన్ని తరమడం తప్ప చేసేదేం లేదు. ఆడవాటిని కూడా విడదీస్తే మంచిది, బలమున్నది రెండోదాని తిండి లాగేస్తుంది.

గుడ్లు పెట్టడానికి ఐస్‌క్రీమ్ డబ్బా చాలు. మూతకి గెక్కో దూరేంత కన్నం చేసి, లోపల నాలుగు వేళ్ల మందం తడి కొబ్బరి పొట్టు వెయ్. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, నీళ్లు కారకూడదు. నీ కొబ్బరి పొట్టుకి సరైన చోటు అదీ, ట్యాంకు అడుగు కాదు.

పొదిగించడానికి మా వైపు రొయ్యలు ప్యాక్ చేసే థర్మకోల్ పెట్టెని మించింది లేదు. కొత్తదే తీసుకో, వాడినది ఎంత కడిగినా వాసన పోదు. కడియం నర్సరీల వైపు వెళ్తే వర్మిక్యులైట్, పెర్లైట్ అడుగు, కుండీల మట్టిలో కలిపే తేలికపాటి గుళికలు అవి. వర్మిక్యులైట్ ఎంత బరువుంటే అంతకి కాస్త తక్కువ నీళ్లు కలిపి, మూతున్న చిన్న డబ్బాలో పోసి, గుడ్లని సగం దాకా పాతి, ఆ డబ్బాని పెట్టెలో పెట్టు. వారానికోసారి మూత తీస్తే గాలి మారుతుంది. 26, 27 డిగ్రీల్లో దాదాపు అన్నీ ఆడవే వస్తాయి కానీ రెండు నెలలు దాటుతుంది. 32 దగ్గరైతే ఎక్కువ మగవి, అవి నెలన్నరకే బయటికొస్తాయి.

గోదారి_గట్టు:
భీమవరం అన్న చెప్పింది కరెక్టేనండి, కానీ మన దగ్గర అసలు సమస్య వేడి చెయ్యడం కాదు, చల్లబరచడం. ఇప్పుడు మొదలుపెట్టిన ఆడది మే దాకా గుడ్లు పెడుతూనే ఉంటుంది. రోహిణి ఎండలకి రోళ్లు పగులుతాయంటారు, డాబా కింద గదిలో గెక్కో గుడ్డు ఎంత? వేడి హద్దు దాటితే థర్మోస్టాట్ హీట్ మ్యాట్‌ని ఆపుతుంది తప్ప గదిని చల్లార్చదు. ఏసీ 26, 27లో పెట్టి, అదే గదిలో థర్మకోల్ పెట్టెని మ్యాట్‌తో 29కి లేపడం ఒక్కటే నాకు నమ్మకం ఉన్న పద్ధతి. పెట్టెలో రెండు నీళ్ల సీసాలు కూడా పెట్టండి, కరెంటు పోయినా వేడి ఒక్కసారిగా మారదు. తుఫాను వచ్చి కొన్ని గంటలు చల్లబడినా గుడ్లు ఓర్చుకుంటాయి, వేడెక్కితేనే ఓర్చుకోవు. ఏసీ కుదరకపోతే మే గుడ్లు పొదిగించకండి.

ఇంకోటి, ఇది పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ వైపు రాళ్ల నేలల జీవి. మనకి గాలిలోనే తడి. అడుగున పొట్టు తీసేసి టైల్స్ ముక్కలో న్యూస్ పేపరో పరిచి, పైన గాజు మూత కాకుండా జాలీ వెయ్యండి. వేడి వైపు 32, రెండో వైపు 25, 26 ఉండాలి. తడి డబ్బా ఒక్కటి మూలన ఉంటే కుబుసం సరిగ్గా ఊడుతుంది, మిగతా అంతా పొడిగా ఉండాలి. మూతి దగ్గర బుడగలు కనపడితే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ అనుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి.

తణుకు_అక్క:
తిండి సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? గుడ్డు పెంకు కాల్షియం దాని ఒంట్లోంచే వెళ్తుంది తమ్ముడూ. చిన్న సీసా మూతలో ఉత్త కాల్షియం కార్బొనేట్ పొడి ఎప్పుడూ ఉంచు, పురుగులకి మాత్రం రోజు మార్చి రోజు విటమిన్ డీ3 కలిసిన కాల్షియం పొడి అద్దు. రొయ్యల చెరువులో చల్లే మినరల్ మిక్స్ వెయ్యమని ఎవరైనా చెప్తే వినకు. చేలో పట్టిన మిడతలు వద్దు, మందు కొట్టని చేను మన వైపు ఎక్కడుంది? మిణుగురులు అసలే వద్దు, విషం. వాటి తిండికి మీల్‌వార్మ్‌లు పెంచితే గోధుమ పొట్టులో పెంచు. మిల్లు తవుడు చవకే గానీ ఈ తేమకి ముక్కిపోయి చిన్న పురుగు పడుతుంది. ఆ గదిలో దోమల కాయిల్, లిక్విడ్, చీమల చాక్‌పీస్ ఏవీ వాడొద్దు. చీమలకి స్టాండు కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టు, అంతే.

తవ్వుతూ తవ్వుతూ గుడ్డు పెట్టకుండా నీరసపడితే గుడ్డు ఇరుక్కుందేమో చూపించాలి, ఇంట్లో నొక్కడాలు చెయ్యకు.

లంక_కుర్రాడు:
ఆయ్, చాలా థాంక్స్ అండి. మగదాన్ని ప్లాస్టిక్ టబ్‌లోకి మార్చేశాను. రెండో ఆడది 40 గ్రాములే తూగింది, దాన్నేం చెయ్యను?

తణుకు_అక్క:
దాన్ని ఈ సంవత్సరం వదిలెయ్. 50 గ్రాములు దాటి, తోక లావుగా ఉంటేనే జత కట్టించాలి. ఇప్పటికే కట్టేసి ఉంటే దానికి కూడా గుడ్ల డబ్బా పెట్టు.

భీమవరం_గెక్కో:
పిల్లలు మొదటి కుబుసం విడిచేదాకా తినవు, కంగారు పడకు. ఒక్కోదానికి ఒక్కో డబ్బా. తీసుకునేవాళ్లు ముందే లేకపోతే మిగతా గుడ్లని పెట్టిన రోజే ఫ్రీజర్‌లో పడెయ్.

అరకు_రోడ్డు:
కొన్న బిల్లు దాచుకో. ఆడవి కావాలని మన్యం కొండల్లో పట్టుకునేవాళ్ల దగ్గర మాత్రం కొనకు. 2022లో యూబ్లెఫారిస్ పిక్టస్ అని కొత్త జాతిగా గుర్తించింది తూర్పు కనుమల గెక్కోనే, అది నీ దగ్గరున్న జాతి కాదు, అడవిలోంచి తెస్తే కేసు.